మేకు వంచి పెట్టకండి... లించ్ పిన్ను వాడండి

కల్టివేటర్ విప్పి ట్రాలీ తగిలించాలి. తుప్పు పట్టిన కాటర్ పిన్ను ఎంత లాగినా రాదు. కటింగ్ ప్లేయరు కోసం వెతుకులాట, సుత్తి దెబ్బ వేలి మీద! చివరికి ఓ మేకు వంచి పెట్టి పని కానిచ్చేస్తాం. ఆ మేకు దారిలో ఊడిందా, పిన్ను జారి ట్రాలీ విడిపోతుంది. వెనక వచ్చేవారి ప్రాణాలకే ముప్పు.

తరచూ విప్పే చోట రింగున్న లించ్ పిన్ను మేలు. రంధ్రంలో గుచ్చి రింగు అవతలికి మడిస్తే స్ప్రింగు బిగువుతో పట్టేస్తుంది. పనిముట్లతో పనిలేదు.

కొనేటప్పుడు ఇవి చూడాలి:

* రింగులో వేలు సులువుగా దూరాలి. బురద చేత్తోనైనా లాగగలగాలి.

* మడిచినప్పుడు రింగు 'టక్'మని పడాలి. వదులుగా వేలాడితే తీసుకోవద్దు.

* పాత పిన్ను వెంట తీసుకెళ్లండి. ఒకటో కేటగిరీ ట్రాక్టర్లలో కింది లింకు పిన్ను 22 మి.మీ., టాప్ లింకు పిన్ను 19 మి.మీ. రెండో కేటగిరీలో 28, 25 మి.మీ. ఒకదానికి ఒకటి సరిపోదు.

* చిన్న గొలుసుతో కట్టి ఉంచితే దుక్కిలో పడి పోదు.

డ్రాబార్ పిన్ను పైనుంచి కిందికి దించి, అడుగున లించ్ పిన్ను పెట్టాలి. ఇంజను ఆపి, పనిముట్టును నేలకు దించాకే చెయ్యి పెట్టాలి.

మీది కిరాయి ట్రాక్టరేనా? అయినా సరే, బయలుదేరే ముందు ఒక్కసారి వంగి చూడండి. మేకు కనిపిస్తే తీయించండి.