జనాభా 1.41 లక్షలు, ఒక్క హాల్లోనే 2,813 సీట్లు

ఇంగ్లండ్ వాయవ్య తీరంలో సముద్రం ఒడ్డునున్న పట్టణం బ్లాక్‌పూల్. 2021 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 1.41 లక్షల మంది. ఆ ఊళ్లోని వింటర్ గార్డెన్స్ అనే వినోద సముదాయంలో ఆపెరా హౌస్ ఉంది. అందులో సీట్లు 2,813. లండన్‌లో అంత పేరుమోసిన పలేడియం థియేటర్‌లోనూ 2,286 సీట్లే.

ఈ హాల్లో వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు ఆటలు వేసి అన్నీ హౌస్‌ఫుల్ చేశారనుకుందాం. వారానికి 33,756 మంది చూస్తారు. ఐదో వారం రెండో రోజుకల్లా చంటిపిల్లలతో సహా ఊరంతా చూసేసినట్టే. మరి మూడో రోజు నుంచి ఎవరి కోసం ఆడాలి? పైగా ఊళ్లో ఉన్నది ఈ ఒక్క హాలే కాదు. దాదాపు 1,100 సీట్ల గ్రాండ్ థియేటర్ ఉంది, బ్లాక్‌పూల్ టవర్ కింద సర్కస్ ఉంది, రెండు పెద్ద బాల్‌రూములున్నాయి, సముద్రంలోకి చొచ్చుకుపోయిన మూడు పియర్లున్నాయి.

తిరుపతి సత్రాల్లోని గదులను తిరుపతి జనాభాతో లెక్కకట్టం కదా, ఇదీ అంతే. 1846లో రైలొచ్చాక లాంకషైర్ నూలు మిల్లుల పట్టణాల నుంచి కార్మికులు ఇక్కడికి రావడం మొదలైంది. ఒక్కో పట్టణంలో మిల్లులన్నీ ఏడాదికో వారం మూతపడేవి. దాన్ని ‘వేక్స్ వీక్’ అనేవారు. అందరికీ ఒకే వారం కాదు, ఓల్డ్‌హామ్‌ది ఒక వారమైతే బర్న్‌లీది మరో వారం. థియేటర్ల వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? వేసవంతా ఒకే ప్రదర్శన వేసినా వారం వారం కొత్త జనం. జీతంతో కూడిన సెలవుల చట్టం 1938లో వచ్చింది, ఇప్పుడున్న ఆపెరా హౌస్ 1939 జులైలో తెరుచుకుంది.

అంతకుముందు అసలు హడావుడంతా 1894ది. మే నెలలో 158 మీటర్ల టవర్, దాని నాలుగు కాళ్ల మధ్య సర్కస్, జులైలో ఫ్రాంక్ మ్యాచమ్ అనే వాస్తుశిల్పి గీసిన గ్రాండ్ థియేటర్ ఒకదాని వెనక ఒకటి తెరిచారు. సర్కస్‌లో ఒక తమాషా ఉంది. ఆట చివర్లో రింగు నేల కిందికి దిగి ఆ గోతిలో నీళ్లు నిండుతాయి. ఆ తొట్టి పట్టేది 42,000 గ్యాలన్లు, అంటే దాదాపు 1.9 లక్షల లీటర్లు.

1899 నాటి టవర్ బాల్‌రూమ్ కూడా మ్యాచమ్ చేతి పనే. 120 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పున్న ఆ నేలలో 30,602 చెక్క ముక్కలు పరిచారు. మహాగని, ఓక్, వాల్‌నట్ కలిపి అల్లిన నేల అది. భాగించి చూస్తే ఒక్కో ముక్క రెండు అరచేతులు వేళ్లతో సహా పక్కపక్కన పెట్టినంత. 1956లో మంటల్లో ఈ హాలు బాగా దెబ్బతింది. ఖర్చు లెక్కచేయకుండా పాత రూపానికే తెచ్చి 1958లో మళ్లీ తెరిచారు. అక్కడి వర్లిట్జర్ ఆర్గన్ మీద 1930 నుంచి 1970 దాకా, నలభై ఏళ్లు, వాయించినవాడు రెజినాల్డ్ డిక్సన్. ఇన్ని హాళ్లలోనూ నాకు మాత్రం ఈ నేలే గొప్పదనిపిస్తుంది. మిగతాచోట్ల జనం కూర్చుని చూస్తారు, ఇక్కడ టికెట్ కొన్నవాళ్లే ఆడతారు.

1960ల తర్వాత లెక్క తిరగబడింది. విమానం టికెట్లు చౌకై జనం స్పెయిన్ ఎండలకు ఎగిరిపోయారు, ఇటు నూలు మిల్లులూ మూతపడ్డాయి. సీట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. గ్రాండ్ థియేటర్ 1972లో మూతపడింది, కూల్చేస్తామని దరఖాస్తు కూడా పడింది. ఊరివాళ్లు సంఘం కట్టి అడ్డుకున్నారు. కొన్నేళ్లు అందులో బింగో ఆడించి, 1981లో మళ్లీ నాటకాలకు తెరిచారు. టవర్‌నూ వింటర్ గార్డెన్స్‌నూ మరికొన్ని ఆస్తులతో కలిపి 2010లో స్థానిక కౌన్సిలే దాదాపు 4 కోట్ల పౌండ్లకు కొనాల్సి వచ్చింది.

జనం రావడం మానేశారా అంటే, లేదు. ఇప్పటికీ ఏడాదికి లెక్కతేలే రాకపోకలు దాదాపు రెండు కోట్లు. చిక్కంతా ఎక్కడంటే, వీళ్లలో చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు. రాత్రి ఆటకు కావలసింది రాత్రి ఉండే మనిషి. దీన్ని ఆ ఊరు ఎప్పుడో పసిగట్టినట్టుంది. 1879లో ఎనిమిది ఆర్క్ దీపాలతో మొదలైన దీపాల వేడుక ఇప్పుడు తీరం వెంట పది కిలోమీటర్ల దాకా సాగి, వేసవి అయిపోయాక కూడా నెలల తరబడి జనాన్ని చీకటి పడేదాకా నిలబెడుతోంది. దానికి టికెట్ లేదు, అలా ఆగిన జనం నుంచి రాబడి హోటళ్లూ హాళ్లే చూసుకోవాలి.

మాంచెస్టర్, ప్రెస్టన్ వైపు ఉంటున్న తెలుగువాళ్లు ఆ దీపాలు చూడ్డానికి వెళ్తే కారులోంచే చూసి తిరిగొచ్చేయకండి. ఒక రాత్రి ఉండి, గ్రాండ్‌లోనో ఆపెరా హౌస్‌లోనో ఏ ఆట ఉంటే దానికి టికెట్ తీసుకోండి.