చారిత్రక నాటకాలలో స్త్రీ పాత్రల అలంకార సామగ్రి

చారిత్రక నాటకాలలో స్త్రీ పాత్రల అలంకార సామగ్రి అనగా, ఒక నిర్ణీత కాలానికి చెందిన స్త్రీ పాత్రను రంగస్థలంపై చూపేటప్పుడు చీరతో పాటు వాడే నగలు, జడసామాను, నడికట్టు, గాజులు, పాదరక్షలు మొదలైన వస్తువుల సముదాయం. చీర ఏ కాలానిదో ప్రేక్షకులు సులభంగా పోల్చుకోలేరు. పాత్ర ఏ యుగానికి చెందినదో తెలిపేవి ఎక్కువగా ఈ చిన్న వస్తువులే. పాఠశాలల వార్షికోత్సవాలలో శాతవాహనుల రాణికీ, రుద్రమదేవికీ, స్వాతంత్ర్యోద్యమ కాలపు స్త్రీకీ ఒకే అద్దె నగల పెట్టెలోని సామానే పెట్టడం వల్ల చరిత్ర తారుమారవుతుంది. కృష్ణా తీరం నుండి కొత్తపట్నం, మోటుపల్లి సముద్రతీరం వరకు గల ప్రాంతంలో లభించిన ఆధారాలు ఈ విషయంలో విద్యార్థులకు ఎంతో ఉపయోగపడతాయి.

ఆధారాల స్వభావం

పూర్వపు నగలు ఉన్నవి ఉన్నట్లుగా మిగలడం అరుదు. తల్లి నగను కరిగించి కూతురికి కొత్త నమూనాలో చేయించడం మన ఇళ్ళలో ఆనవాయితీ. కనుక బంగారం నిలిచినా రూపం నిలవదు. ఆ రూపాన్ని దాచి ఉంచినవి శిల్పాలు, చిత్రాలు. వాటిలోనూ కొంత నష్టం జరిగింది. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి స్తూపాన్ని చూసే నాటికే అక్కడి రాళ్ళు ఇతర కట్టడాలకు తరలిపోతున్నాయి. తరువాతి కాలంలో కొన్ని ఫలకాలను సున్నానికి కాల్చారు. మిగిలిన వాటిలో ముఖ్యమైనవి చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోను, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. చెన్నై మ్యూజియంలోని శిల్పాలపై సి.శివరామమూర్తి 1942లో ప్రచురించిన గ్రంథం నాటి వేషభూషణాల అధ్యయనానికి ఇప్పటికీ ప్రధానమైనది.

శాతవాహన, ఇక్ష్వాకుల కాలం

అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలోని స్త్రీలు నడుము కింద సన్నని వస్త్రం ధరించి, దానిపై అనేక పేటల పూసల మేఖల పెట్టుకుంటారు. నడికట్టు ముడివేసి దాని కొసలను పక్కకు వేలాడదీస్తారు. చెవులకు బరువైన కుండలాలు, ముంజేతుల నిండా వరుస కంకణాలు, కాళ్ళకు ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న లావుపాటి అందెలు కనిపిస్తాయి. ముక్కుకు మాత్రం ఏ ఆభరణమూ ఉండదు. ముక్కెర మన దేశపు ప్రాచీన శిల్పాలలో కానరాదు. అది మధ్యయుగాలలో వ్యాప్తిలోకి వచ్చింది. అందువల్ల గౌతమీ బాలశ్రీ పాత్రధారిణికి ముక్కుపుడక పెట్టరాదు.

శిల్పాలలో ఊర్ధ్వభాగం చాలావరకు అనాచ్ఛాదితంగా ఉంటుంది. విద్యార్థినులచే నాటకం వేయించేటప్పుడు దానిని అనుకరించనవసరం లేదు. అంచు లేని లేతరంగు నూలు రవిక, పైన ఉత్తరీయం వాడి, మేఖల, అందెలు, కుండలాలు సరిగా చూపితే కాలం తెలుస్తుంది.

కాకతీయుల కాలం

1213లో రేచర్ల రుద్రుడు నిర్మింపజేసిన రామప్ప దేవాలయంలోని మదనికలు ఈ కాలానికి ప్రధాన ఆధారం. ఈ ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈ మూర్తులకు కంఠహారాలు, దండకడియాలు ఉన్నాయి. మొలనూలు నుండి తొడలపైకి తోరణాల వలె గొలుసులు జారుతుంటాయి. ఒక మదనిక ఎత్తు మడమల పాదరక్షలు ధరించి ఉండడం ప్రసిద్ధం.

ఇన్ని నగలకు ముడిసరకు ఎక్కడిదన్న ప్రశ్నకు మోటుపల్లి సమాధానం చెబుతుంది. 1244-45లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనంలో సుంకం విధించిన సరకులలో ముత్యాలు, పగడాలు, దంతం, పట్టునూలు ఉన్నాయి. కర్పూరం, చందనం, పన్నీరు కూడా ఆ పట్టికలో కనిపిస్తాయి. ఓడ మునిగినవారి సొత్తును రాజు స్వాధీనం చేసుకునే పద్ధతిని మానివేస్తున్నట్లు గణపతిదేవుడు ఇందులో వర్తకులకు అభయమిచ్చాడు. మోటుపల్లి 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి, ప్రస్తుతం బాపట్ల జిల్లాలో ఉంది.

విజయనగర కాలం

16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయ కుడ్యచిత్రాలలో స్త్రీల కొప్పులు, హారాలు, రకరకాల నేత నమూనాల చీరలు కనిపిస్తాయి. శిల్పాలలో తెలియని రంగులు వీటి వల్ల తెలుస్తాయి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవంలో కొందరు అంతఃపుర స్త్రీలు నగల బరువుకు చేతులు ఎత్తలేక, పక్కనున్న స్త్రీల సాయంతో నడిచారని వ్రాశాడు.

ఇటీవలి శతాబ్దాల నగలు

అద్దె నగల పెట్టెలో సాధారణంగా ఉండేవి 19, 20 శతాబ్దాల వాడుకకు దగ్గరివి.

తలకు: పాపిడిబిళ్ల, పాపిటకు కుడివైపు సూర్యవంక, ఎడమవైపు చంద్రవంక, రాగిడి, జడపై నాగరం, జడ కొసన కుప్పెలు.
చెవి, ముక్కు: కమ్మలు, బావిలీలు, ముక్కెర, బులాకీ.
మెడకు: కంటె, పట్టెడ, గుండ్లపేరు, కాసులపేరు.
చేతులకు: వంకీ, మురుగులు, గాజులు.
నడుముకు: వడ్డాణం.
కాళ్ళకు: కడియాలు, పాంజేబులు, మట్టెలు.

స్వాతంత్ర్యోద్యమ కాలపు పాత్రలకు ఈ పట్టిక మొత్తం పనికిరాదు. 1921 చీరాల-పేరాల ఉద్యమంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరు విడిచి రామనగరు పాకలలో నివసించిన సామాన్య స్త్రీకి ముతక చీర, పసుపుతాడు, గాజులు చాలును. అదే సంవత్సరం కాకినాడ వచ్చిన గాంధీజీకి బాలిక దుర్గాబాయి తన బంగారు గాజులు సమర్పించింది. ఆ ఘట్టాన్ని ప్రదర్శించేటప్పుడు గాజులు తీసిన తరువాతి బోసి చేతులే ముఖ్యమైన అలంకరణ.

రంగస్థల సంప్రదాయం

బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు (1902-1971) స్త్రీ పాత్రధారణలో అఖండ ఖ్యాతి పొందాడు. ఆయనకు 1956లో పద్మశ్రీ లభించింది. సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార పాత్రలకు వేరువేరు కట్టు, నగలు, నడక ఉండేటట్లు ఆయన శ్రద్ధ వహించాడు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ కేవలం అలంకారం కాదు. తెరపై నుండి జడను వేలాడదీయడం, తనను విద్యలో ఓడించగలవారు ఉంటే రమ్మని విసిరే సవాలుగా సంప్రదాయంలో చెబుతారు.

తయారీ, వాడుక

మచిలీపట్నం వద్దనున్న చిలకలపూడి గిల్టు నగలకు ప్రసిద్ధి. ఇవి ఇటీవలి శతాబ్దాల పాత్రలకు సరిపోతాయి. అమరావతి నమూనా అందెలు అంగళ్ళలో దొరకవు. అట్టను చుట్టలుగా కత్తిరించి, పాతగుడ్డ చుట్టి, బంగారు రంగు వేసి వాటిని చేయవచ్చు. మేఖలను చెక్కపూసలతో ఐదారు పేటలుగా గుచ్చి, నడుము పట్టీకి కుట్టాలి. కుట్టకపోతే నాటకం మధ్యలో జారిపోతుంది.

ఇంట్లో పాత నగను కరిగించవలసి వచ్చినపుడు, ముందుగా దాని ఛాయాచిత్రం తీసి, పేరు, ధరించిన విధానం పెద్దలను అడిగి వ్రాసి ఉంచితే ఆ రూపమైనా తరువాతి తరానికి దక్కుతుంది.