ముసలితనమని ఊరుకోవద్దు

చేర్యాల హాస్టల్లో చదివిన మాలో చాలామందిమి నాయనమ్మ, అమ్మమ్మల చేతుల్లో పెరిగినవాళ్లమే. అదే నాయనమ్మ ఒకనాడు "నువ్వెవరు బిడ్డా?" అని అడిగితే చాదస్తమనుకుని ఊరుకుంటాం. అది డిమెన్షియా అనే జబ్బు కావచ్చు.

తాళంచెవి ఎక్కడ పెట్టామో మరవడం మామూలే. తెలిసిన వీధిలో దారి తప్పడం, రోజూ చేసే వంట మరవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం మాత్రం జబ్బు గుర్తులు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. చదువు లేనివారిలో ఎక్కువని కూడా చెప్పింది.

మరి అక్షరం రానివారిని పరీక్షించేదెలా? హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరీక్షా ప్రశ్నలను తెలుగువారికి తగ్గట్టు మలిచింది. అక్కడి 648 మంది రోగులపై 2013లో వెలువడిన అధ్యయనంలో చదువు రానివారూ ఉన్నారు. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని అందులో తేలింది.

కొందరికి బి12 లోపం వల్లో, థైరాయిడ్ వల్లో మతిమరుపు వస్తుంది. అది మందులతో తగ్గవచ్చు. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. అయినా ముందే తెలిస్తే ఇంటివాళ్లు కసురుకోవడం మానేస్తారు, పింఛను, భూమి కాగితాలు భద్రపరుస్తారు.

మార్పు ఎప్పుడు మొదలైందో రాసుకుని, ముందు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్దాం. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. ఇంట్లో మొదట చదువుకున్నది మనమే. డాక్టరు ముందు నాయనమ్మ పక్కన కూర్చుని ఆమె కష్టం చెప్పాల్సిందీ మనమే.