ఊరితో కలిసే కాలం

విదేశాల్లో అభివృద్ధి సేవకు వెళ్లే వలంటీర్లకు తొలి నెలలే అసలు పరీక్ష

అభివృద్ధి వలంటీరు అంటే జీతం ఆశించకుండా, రోజులు గడవడానికి సరిపడే భత్యంతో మరో దేశపు బడిలోనో ఆరోగ్య కేంద్రంలోనో పొలంలోనో కొంతకాలం పనిచేసే వ్యక్తి. అతనికి ఎంత విద్య ఉన్నా, ఊరివారు తమవాడిగా ఒప్పుకునేదాకా ఆ విద్య అక్కరకు రాదు. 1961 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఉత్తర్వుతో ఏర్పడిన వలంటీర్ల సంస్థ పీస్ కోర్ అనుభవం ఈ విషయాన్ని మొదటి ఏడాదిలోనే రెండు రకాలుగా రుజువు చేసింది. ఆ ఆగస్టు చివర ఘనాకు చేరిన తొలి ఉపాధ్యాయ బృందం అక్రా విమానాశ్రయంలో దిగగానే స్థానిక ట్వీ భాషలో పాట పాడి ఆ దేశ ప్రజల మనసు గెలుచుకుంది.

పోస్ట్‌కార్డు రేపిన దుమారం

అక్టోబరులో నైజీరియాలోని ఇబాదాన్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. శిక్షణలో ఉన్న ఒక వలంటీరు అక్కడి జీవన పరిస్థితులను చిన్నచూపుతో వర్ణిస్తూ స్నేహితునికి రాసిన పోస్ట్‌కార్డు విద్యార్థుల చేతికి చిక్కి, నకళ్లుగా పాకి, నిరసన ప్రదర్శనలకు దారితీయడంతో ఆ వలంటీరు స్వదేశానికి తిరిగి వెళ్లిపోవలసి వచ్చింది. ఏడాది ముందే స్వాతంత్ర్యం పొందిన జాతికి ఆ మాటల్లో వలస పాలకుల గొంతే వినిపించింది.

తికమకకు మూలం

కొత్త దేశంలో వలంటీరు ఇలా తడబడడం వెనుక ఒక తికమక ఉంటుంది. మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లో ప్రచురించిన వ్యాసంలో, పలకరింపులు, సైగలు, మర్యాదలు వంటి పరిచిత సంకేతాలన్నీ ఒక్కసారిగా చేజారినప్పుడు కలిగే ఆందోళనను ‘సాంస్కృతిక ఆఘాతం’గా వివరించి, అది తొలి మురిపెం, విసుగు, కోలుకోవడం, సర్దుబాటు అనే దశలుగా సాగుతుందన్నాడు. ఈ వరుస అందరికీ వర్తించదని, చాలామందికి మొదటి రోజులే కష్టంగా ఉంటాయని తరువాతి పరిశోధనలు చూపినా, ఆందోళనకు ఓబెర్గ్ చెప్పిన కారణం నేటికీ నిలిచే ఉంది. ఘనాలో పలకరించకుండా పనిమాట ఎత్తడం, ఎడమచేత్తో వస్తువు అందించడం అమర్యాద. ఎడమచేతి విషయం తెలుగువారికి చెప్పనక్కరలేదు గాని, దాన్ని చిన్ననాటి నుంచి ఎరగని వ్యక్తి రోజంతా తన చేతిని తానే కనిపెట్టుకొని ఉండవలసి వస్తుంది.

ఊళ్లోనే శిక్షణ

మొదట్లో ఎక్కువగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో జరిగిన పీస్ కోర్ శిక్షణ క్రమంగా ఆతిథ్య దేశాలకే మారింది. ఇప్పుడు సాధారణంగా ఇరవై ఏడు నెలల గడువులో మొదటి మూడు నెలలు శిక్షణకే పోతాయి. చాలా దేశాల్లో ఆ రోజుల్లో వలంటీరు స్థానిక కుటుంబంతో ఉంటూ, వారితో కలిసి తింటూ, సంతలో బేరమాడుతూ, పిల్లలు సరిదిద్దుతుంటే భాష నేర్చుకుంటారు. నేర్పడానికి వచ్చిన మనిషి ముందుగా నేర్చుకునే స్థానంలో నిలబడడమే ఈ పద్ధతిలోని అసలు బలం.

ఐక్యరాజ్యసమితి వలంటీర్ల కార్యక్రమం వంటి వాటి ద్వారా విదేశీ సేవకు వెళ్లాలనుకునే తెలుగు యువత కూడా తొలి నెలల్లో ఎంత పని చేశామన్నది కాక, ఎన్ని ఇళ్లవారితో పేరు పెట్టి పిలుచుకునే చనువు ఏర్పడిందన్నదే లెక్క చూసుకోవాలి.