జీతం వదిలారు, కక్షిదారును వదల్లేదు

2000లో ఫిలడెల్ఫియాలో రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభ జరుగుతున్న రోజులు. వీధుల్లో నిరసనకు దిగిన నాలుగు వందల మందికి పైగా జనాన్ని పోలీసులు పట్టుకెళ్లారు. వాళ్ల తరఫున కోర్టులో నిలబడ్డ ప్లీడర్లలో ల్యారీ క్రాస్నర్ ఒకరు. కేసులు చాలామటుకు నిలవలేదు. క్రాస్నర్ అప్పటికి ఏడేళ్లుగా సొంత ఆఫీసు నడుపుతున్నారు. అంతకుముందు పబ్లిక్ డిఫెండర్, అంటే స్తోమత లేని ముద్దాయికి సర్కారు ఖర్చుతో వాదించే ప్లీడరు.

అమెరికాలో ఈ ఉద్యోగం వదిలి సొంతంగా బోర్డు పెట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. పేద ముద్దాయికి ప్లీడరును ప్రభుత్వమే ఇవ్వాలని 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్కో డిఫెండరు చేతిలో ఏడాదికి 150కి మించి పెద్ద నేరాల కేసులు ఉండకూడదని 1973లో ఒక జాతీయ కమిషన్ హద్దు గీసింది. హద్దే అంత! కేసుకు రెండు పనిదినాలైనా దక్కవు. చాలాచోట్ల ఆ హద్దు కూడా కాగితం మీదే ఉండిపోయింది.

బయటికొచ్చినవాళ్ల దగ్గర పెట్టుబడి ఉండదుగానీ కోర్టు ఆనుపానులన్నీ తెలుసు. ఏ జడ్జి బెయిలు దగ్గర బిగుస్తాడో, ఏ పోలీసు సాక్ష్యం క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలిపోతుందో వాళ్లకు కంఠతా వచ్చు. గుమ్మం తొక్కేది ఎక్కువగా మధ్యలో ఇరుక్కున్నవాళ్లు. ఉచిత ప్లీడరుకు వాళ్ల సంపాదన ఎక్కువ, పేరున్న ప్లీడరుకు తక్కువ.

అసలు చిక్కు ఫీజు దగ్గరే. మన దగ్గర వాయిదాకింత అని తీసుకోవడం మామూలు. అమెరికాలో ఇలాంటి ఆఫీసులు తరచూ కేసు మొత్తానికి ఒకే ఫీజు మాట్లాడుకుని, కిస్తీల్లో కట్టమంటాయి. వినడానికి బాగానే ఉంది. కానీ కేసు ఎంత తొందరగా తెగితే ప్లీడరుకు అంత లాభం, అందుకు దగ్గరి దారి నేరం ఒప్పుకోమని నచ్చజెప్పడం. అక్కడ పడే శిక్షల్లో తొంభై శాతానికి పైగా అలా ఒప్పుకున్నవే. గెలిస్తేనే ఫీజు అందామా అంటే, క్రిమినల్ కేసుల్లో వృత్తి నియమాలు కుదరదంటాయి.

మరి ఉచితంగా వాదించే కేసుల భారం ఎవరు మోయాలి? ఫీజు ఇచ్చుకోగల కక్షిదారులు కొంత మోస్తారు. ఓడిన ప్రభుత్వాలు ఇంకొంత. పౌరహక్కుల దావా గెలిస్తే ప్లీడరు ఫీజును ఓడిన పక్షం చేత కోర్టు కట్టించేలా 1976లో అక్కడ చట్టం వచ్చింది. క్రాస్నర్ పోలీసుల మీద డెబ్బై అయిదు దాకా దావాలు వేశారు. నిరసనకారులకు మాత్రం ఊరికే వాదించారు. సేవ అంటే అన్నీ ఉచితం అనుకునే మనస్తత్వం మనది. అలా నడిపితే ఆఫీసు అద్దె ఎవరిస్తారు?

2017లో ఆయన అదే ఊరికి డిస్ట్రిక్ట్ అటార్నీగా గెలిచారు. అన్నేళ్లూ తాను ఎదురు నిలిచి వాదించిన ప్రాసిక్యూషన్‌కే పెద్ద. రాగానే ఆ ఆఫీసులో 31 మందిని ఇంటికి పంపారు. పోలీసు సంఘం భగ్గుమంది.

మన జిల్లా కోర్టుల్లోనూ 2022 నుంచి, పేద ముద్దాయిలకు వాదించే ప్లీడర్లను ఒప్పందం మీద పెట్టుకునే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి నడుస్తోంది. ఒప్పందం ఉన్నన్నాళ్లూ ఆ ప్లీడర్లు బయటి కేసు పట్టుకోకూడదు. అది తీరాక ఏ వరంగల్‌లోనో గుంటూరులోనో బోర్డు పెడితే, జైలు ములాఖత్‌లో పరిచయమైన కుటుంబమే ముందుగా వెతుక్కుంటూ వస్తుంది. ఓడిన సర్కారు ఫీజు కడుతుందన్న ఆశ ఇక్కడ లేదు, కోర్టులు ఇప్పించే ఖర్చులు నామమాత్రం. ఆ కుటుంబానికి ఎంత చెప్పాలో ఆ ప్లీడరు ముందే లెక్క వేసుకోవాలి.