ఎండ తగలని ఇంట్లో ఆకుకూరల మడి

పెరడు లేని ఇల్లు మన తాతల నాడు అరుదు. బావి గట్టున తోటకూర, గోడ వార గోంగూర, పందిరి మీద బీరతీగ వుండేవి. నేడు బెంగుళూరులోనూ, చెన్నైలోనూ, ముంబాయిలోనూ కాపురమున్న మన కుటుంబాలలో అనేకులకు మూడో అంతస్తులో రెండు గదులే పెరడూ, వాకిలీని. కూర దొరకదని కాదు. కన్నడిగుల పుండి, తమిళుల పుళిచ్చకీర, మరాఠీల అంబాడి మన గోంగూరే గదా! కాని కట్టగా వచ్చే కూరను మాత్రమే ఎరిగిన పిల్లలు, అది మొలకగా ఎలా వుంటుందో చూడకుండానే పెద్దవాళ్లవుతున్నారు. ఎండ తగలని గదిలో నాలుగు మొక్కలు పెంచగలమా అనేదే ఇక్కడి ప్రశ్న. పెంచగలము. అయితే దేనిని ఆశించవచ్చునో, దేనిని ఆశించరాదో ముందుగా తెలుసుకోవడం మంచిది.

మట్టి లేకుండా మొక్క బ్రతుకుతుందా అని కొందరికి సందేహం. మట్టి మొక్కను నిలబెడుతుంది. మొక్క వేళ్లు పీల్చుకునేది నీటిలో కరిగిన లవణాలనే. 1860 ప్రాంతంలో జర్మనీలో సాక్స్, నాప్ అనే శాస్త్రజ్ఞులు లవణాలు కలిపిన నీటిలోనే మొక్కలను పెంచి చూపారు. కాలిఫోర్నియాలో గెరికె అనే ఆచార్యుడు 1937లో ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. మన దేశంలో 1946లో షోల్టో డగ్లస్ కాలింపాంగులో ప్రయోగాలు సాగించి, సామాన్యులు చేసుకోగల పద్ధతి నొకదానిని రూపొందించాడు. దానికే బెంగాల్ పద్ధతి అని పేరు.

నీటికంటె పెద్ద చిక్కు వెలుతురుది. మిట్టమధ్యాహ్నపు ఎండ వెలుగు సుమారు లక్ష లక్సులు. మన గదిలో దీపపు వెలుగు కొన్ని వందలే. మన కంటికి చాలిన వెలుగు మొక్కకు చాలదు. అందుచేతనే గదిలోని మొక్కలు పాలిపోయి, సన్నగా సాగి, కిటికీ వైపు వాలతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గల మడికి 20 వాట్ల తెల్లని ఎల్.ఇ.డి. దీపాన్ని ఆకుల పైన జానెడు ఎత్తున వ్రేలాడదీసి, రోజుకు 14 గంటలు వెలిగిస్తే మెంతికూర, పాలకూర వస్తాయి. గోంగూరకు రెండు దీపాలు కావాలి. ఇందులో ఒక మేలు కూడా వున్నది. గోంగూర పగలు తగ్గే రోజులలో పూతకు వచ్చే జాతి. పొద్దు పొడుగుగా వుంటే పూత వెనుకబడి ఆకే వస్తుంది.

మడికి మూత గల ప్లాస్టిక్ పెట్టె చాలును. వెలుగు చొరబడితే నీటిలో పాచి పడుతుంది కనుక లోపలికి వెలుతురు పోని పెట్టె తీసుకోవాలి. మూతకు రంధ్రాలు చేసి, అడుగున చిల్లులున్న చిన్న గిన్నెలు దించి, కొబ్బరిపొట్టు నింపి విత్తాలి. లవణాల నీరు మొదట గిన్నె అడుగును తాకాలి. మొక్క త్రాగేకొద్దీ నీరు దిగి, పై వేళ్లకు గాలి తగులుతుంది. అందుచేత మళ్లీ నిండా పోయరాదు. సగం వేళ్లు గాలిలోనే వుండాలి.

లవణాలు తయారుగా అమ్ముతారు. సాధారణంగా రెండు సీసాలుగా వస్తాయి. వాటిని నీరు చేర్చకుండా ఒకదానితో ఒకటి కలిపితే సున్నపు లవణం గడ్డకట్టి అడుక్కు దిగిపోతుంది. ఒకటి నీటిలో బాగా కలిసిన తరువాతనే రెండవది పోయాలి. యూరియా వేయరాదు. దానిని మొక్కకు పనికివచ్చేటట్లు మార్చే సూక్ష్మజీవులు నేలలో వున్నంతగా ఈ నీటిలో వుండవు.

మూత సందులు లేకుండా బిగించడం గృహిణులు మరువరాదు. డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టేది నిలిచిన మంచినీటిలోనే. దీపపు ప్లగ్గు నీటికంటె ఎత్తున వుండాలి; తడి చేతితో తాకరాదు. లవణాల సీసాలు పిల్లలకు అందరాదు.

ఇక ఖర్చు మాట. 20 వాట్ల దీపం నెలకు సుమారు 8.4 యూనిట్ల కరెంటు కాలుస్తుంది. పెట్టె, లవణాల ధర కూడా కలుపుకుంటే బజారు కట్టే చవక. వంకాయ, టమాటాలకు ఈ దీపాలు చాలవు. కరివేపాకు చెట్టుజాతి, దానికి ఎండే కావాలి. మంచి నేలకంటె నీటిలో పంట ఎక్కువేమీ కాదని 1938లోనే హోగ్లాండ్, ఆర్నన్ అనే శాస్త్రజ్ఞులు చెప్పారు. కాబట్టి నేల వున్నవారు నేలనే నమ్ముకోవాలి.

నేల లేనివారికి మాత్రం ఇది మంచి వ్యాపకం. మొదట వంటింటి డబ్బాలోని మెంతులతో ఆరంభించండి. నాలుగు వారాలలో కూర కోతకు వస్తుంది. విత్తడం, కోయడం పిల్లల చేతనే చేయించండి. ఆ పూట పప్పులో పడిన కూర ఎక్కడిదో వాళ్లే చెబుతారు.