సూర చేప లాగితే తాడు ఎక్కడ తెగుతుంది?

అనకాపల్లి జిల్లా పూడిమడక మత్స్యకారులు సూర చేప, అంటే ట్యూనా కోసం చిన్న మోటారు పడవల్లో నడిసంద్రానికి వెళ్తారు. పసుపు రెక్కల సూరను పట్టేందుకు వాళ్లు నమ్ముకున్నది గాలాన్నే. చేప తగలగానే నైలాన్ తాడు చేతుల్లోంచి జారిపోతుంది. ఎంత వదలాలో, ఎప్పుడు బిగించాలో అరచేతికే తెలియాలి. కాస్త ఏమరితే వేళ్లు కోసుకుపోతాయి.

లోహపు ఎరను లోతుకు దించి, కుదుపుతూ పైకి లాగే ‘జిగ్గింగ్’ వేటలో ఆ అరచేతి పని రీలు చేస్తుంది. తాడు బలంలో పావు నుంచి మూడో వంతు లాగుడుకు జారేలా దాని బ్రేకును, అంటే ‘డ్రాగ్’ను బిగిస్తారు. 30 కిలోల తాడుకు 8 కిలోలు అనుకుందాం. మిగతా బలం వృథాగా వదిలేసినట్టు కనిపిస్తుంది కానీ, కాదు. నిండు చుట్ట వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు ఉండి, చేప పరుగుతో అది 2కు తగ్గితే, బ్రేకును ముట్టుకోకపోయినా అదే 8 కిలోలు 16 అవుతుంది. నీటిలో ఈడ్చుకుపోయే తాడు మీద పడే ఒత్తిడి దీనికి అదనం. అందుకే సూరకు పెద్ద చుట్ట ఉన్న రీలు కావాలి.

వేడి సంగతి మరొకటి. 8 కిలోల డ్రాగ్ మీద చేప సెకనుకు 10 మీటర్ల వేగంతో పరిగెత్తితే, బ్రేకులో పుట్టే వేడి దాదాపు 800 వాట్లు. ఇస్త్రీపెట్టె అంత! కార్బన్ వాషర్లు, లోహపు ఒళ్లు ఉన్న రీలు దాన్ని తట్టుకుంటుంది.

ఇక తాడు. నైలాన్ తెగే ముందు పావు వంతు దాకా సాగుతుంది. 100 మీటర్ల లోతులో ఉన్న ఎరకు పైనుంచి ఇచ్చిన కుదుపు ఆ సాగుడులోనే ఇంకిపోతుంది. అల్లిన పాలీఇథిలీన్ దారం మూడు నాలుగు శాతమే సాగుతుంది. పైగా సన్నం కాబట్టి అదే చుట్టలో ఎక్కువ పడుతుంది. కానీ రాపిడికి ఓర్చుకోలేదు. అందుకే చివర ఫ్లోరోకార్బన్ ముక్క కడతారు. దాని వక్రీభవన గుణకం 1.42; నీటిది 1.33, నైలాన్‌ది 1.53. చేపకు కనపడదని గొప్పగా చెబుతారు గానీ, ఈ వేటలో అసలు లాభం గట్టిదనమే.

పెనుగులాట పొడిగితే నష్టం తాడుకే కాదు. సూర తన కండరాల వేడిని రక్తనాళాల జాలంతో ఒంట్లోనే నిలుపుకునే చేప. ఎక్కువసేపు కొట్టుకుంటే కండ వేడెక్కి, లాక్టిక్ ఆమ్లం పేరుకుని, మాంసం పాలిపోయి మెత్తబడుతుంది. పచ్చిగా తినే ఎగుమతి మార్కెట్లో దాని ధర పడిపోతుంది. ఆపైన ఐసు ఆలస్యమైతే బ్యాక్టీరియా హిస్టమిన్‌ను తయారు చేస్తుంది. వండినా అది పోదు.